పిల్లాడి చేతిలో ట్రే

అమ్మలూ,

నువ్వు స్కూల్ బోర్డుకి గెలిచావని మీ అమ్మ ఫోన్లో చెబితే ఇల్లంతా తిరుగుతూ మీ పెదనాన్నకి నాలుగుసార్లు చెప్పాను. లంచ్ డబ్బులు బాకీపడ్డ పిల్లల్ని ఏం చేయాలన్న పాలసీ వచ్చే నెల మీ బోర్డు ముందుకొస్తోందని తెలిశాక మాత్రం రాత్రి కన్ను మూతపడలేదు. ఈ టెక్సాస్‌లోనే, 2008 నుంచి 2022 దాకా, స్కూల్ కాఫెటీరియాలో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చున్నదాన్ని కదా.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. పిల్లాడి లంచ్ ఖాతాలో డబ్బు అయిపోకముందే తల్లిదండ్రులకి మెసేజ్ వెళ్ళాలి. బాకీ మాట పెద్దవాళ్ళతోనే మాట్లాడాలి. 2017 జులై నుంచి ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌కీ రాతలో పాలసీ ఉండి తీరాలి కాబట్టి, మీ పాతది తెప్పించుకుని చదువు. అందులో ‘ప్రత్యామ్నాయ భోజనం’ అని కనబడితే అక్కడ ఆగు. అదంటే మామూలుగా ఒక చల్లటి చీజ్ శాండ్‌విచ్, పాల డబ్బా.

2010లో ఒకరోజు రెండో తరగతి పిల్లాడు, మన తెలుగువాడే, ట్రే నింపుకుని నా దగ్గరికొచ్చి తన లంచ్ ఖాతా పిన్ నొక్కాడు. స్క్రీన్ మీద ఎర్రగా మైనస్ 11 డాలర్ల 25 సెంట్లు. ఐదు లంచ్‌ల బాకీ. ఐదు దాటితే ట్రే తీసేసుకుని శాండ్‌విచ్ ఇవ్వమని అప్పుడు అక్కడి రూలు. ‘‘నాన్నా, డబ్బులు వెయ్యమని అమ్మకి చెప్పు’’ అన్నాను. తెలుగులో అంటే పక్క పిల్లలకి తెలియదు, వాడి పరువు కాపాడుతున్నాననుకున్నాను. ట్రే లాక్కుని శాండ్‌విచ్ చేతిలో పెట్టాక ఏ భాషైతే ఏముంది? వెనకున్న పిల్లలంతా చూశారు. ఒకరి చేతిలోకి వెళ్ళిన భోజనం ఇంకొకరికి పెట్టకూడదు. అందుకని ఆ ట్రేని నా చేతులతోనే చెత్తడబ్బాలో బోర్లించాను. మెతుకు కింద పడితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని నేను.

వాడు ఏడవలేదు. ‘‘అమ్మకి మీరు చెప్పకండి ఆంటీ’’ అన్నాడు. మర్నాటి నుంచి లైన్లోకే రాలేదు. ఆకలి లేదని చెప్పి ఉత్త బల్ల ముందు కూర్చునేవాడు. మూడు రోజులు చూస్తూ ఊరుకున్నాను. ట్రే తీయడం రూలు అనుకో, ఆ మూడు రోజులు మాత్రం నావే.

నాలుగో రోజు వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. కన్సల్టెన్సీ వాళ్ళు ప్రాజెక్టు లేదని భర్తని బెంచ్ మీద పెట్టి జీతం ఆపేశారట. ఉచిత భోజనం ఫారం అలమారులోనే ఉంది. ‘‘ఇక్కడ చెయ్యి చాస్తే రేపు గ్రీన్‌కార్డుకి అడ్డమేమో అక్కా’’ అంది. ఆ ఫారంలో వీసా గురించి ఒక్క ప్రశ్న లేదు. ఏడాదిలో ఏ రోజైనా పెట్టుకోవచ్చు. ఆ ముక్క ఆమెకి చెప్పినవాళ్ళే లేరు. దగ్గర కూర్చుని నింపించాను, మంజూరైంది. పాత బాకీ మాత్రం అలాగే ఉండిపోయింది.

అందుకే అంటున్నాను, బాకీ కనబడగానే ఆ ఇంటికి వాళ్ళ భాష వచ్చిన మనిషి చేత ఫోన్ చేయించండి. ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లలకిచ్చే తగ్గింపు ధర లంచ్ 40 సెంట్లే, దానికీ బాకీ పడే ఇళ్ళున్నాయి. ఆ 40 సెంట్లు డిస్ట్రిక్ట్ భరించగలదేమో అడుగు. ఫుడ్ స్టాంపుల వంటి, పేద కుటుంబాల సాయం పథకాల ద్వారా నేరుగా అర్హత వచ్చిన పిల్లలు 25 శాతమున్న స్కూల్లో, ఫారాలే లేకుండా అందరికీ ఉచితంగా పెట్టవచ్చు. 2023 దాకా అది 40 శాతం. మీ స్కూళ్ళ లెక్క తీయించు.

గుడిలో విరాళాలు పోగుచేసి బాకీలన్నీ తీర్చేస్తానన్నావట. చెయ్యి తల్లీ, కానీ దాంతో పనైపోయిందనుకుంటే నాకు కోపమొస్తుంది. సెప్టెంబరుకల్లా ఎర్ర అంకెలు మళ్ళీ మొదలవుతాయి. తీరని బాకీని వంటశాల ఖాతాలోంచి మాఫీ చేయడానికి కేంద్రం ఒప్పుకోదు, డిస్ట్రిక్ట్ జనరల్ ఫండ్ నుంచో విరాళాల నుంచో పూడ్చాలి. బడ్జెట్‌లో దానికి ముందే ఒక పద్దు పెట్టించు. ఉండీ ఎగ్గొట్టేవాళ్ళున్నారని ఎవరో ఒకరు లేస్తారు. ఉన్నారు, నేనూ చూశాను. వాళ్ళని ఆఫీసుకి పిలిపించి అడగండి. ఏడేళ్ళవాడు పర్సు పట్టుకుని రాడు కదా.

మన కోనసీమలో డొక్కా సీతమ్మగారు ఏ వేళప్పుడు వచ్చినవాళ్ళకైనా విస్తరి వేశారని మా అమ్మమ్మ చెబుతుంటే విన్నాను. 2024లో ఆంధ్రాలో బడి భోజనానికి ఆవిడ పేరు పెట్టారని చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఇక్కడా కరోనా కాలంలో, 2022 జూన్ దాకా, దేశమంతా ఉచితంగా పెట్టే వీలు కల్పించారు. ఆ రోజుల్లో నాకు స్క్రీన్ చూసే పనే లేదు. ‘‘ఇవాళ యాపిల్ తీసుకున్నావా?’’ అని అడిగేదాన్ని, అంతే.

డ్రాఫ్టు రాగానే నాకు పంపు. ఓటుకి ముందు నేనొకసారి చూడాలి. పిల్లాడు ఒకసారి తీసుకున్న ట్రేని ఎవరూ వెనక్కి తీసుకోకూడదన్న వాక్యం అందులో ఉండాలి. మీటింగులు పొద్దుపోయేదాకా సాగుతాయట, ఖాళీ కడుపుతో వెళ్ళకు.

నీ పెద్దమ్మ