‘తర్వాత చూద్దాంలే’ అంటే అద్దె మాఫీ అయినట్టేనా?

(ఇది 2021 ఆగస్టు నాటి ప్రశ్నోత్తరం. ఇందులోని గడువులు, రేట్లు, నియమాలు అప్పటివి.)

ప్రశ్న: మాది కరీంనగర్. ఆరు మిషన్లతో స్కూల్ యూనిఫారాలు కుట్టే షాపు నడుపుతున్నాను. అద్దె నెలకు 18,000, అడ్వాన్స్ లక్ష రూపాయలు. 2019లో వంద రూపాయల స్టాంపు కాగితం మీద మూడేళ్లకు అగ్రిమెంటు రాసుకున్నాం, రిజిస్టర్ చేయించలేదు. అప్పుడే ఓనర్ ఒక ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టించుకున్నారు. 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆయనకు చెప్పే సగం అద్దె ఇచ్చాను. ఆ వాట్సాప్ మెసేజ్‌లు జతచేశాను. అక్టోబర్ నుంచి పూర్తిగా కట్టాను. ఈ ఏడాది మే, జూన్, జులై నెలలవి మాత్రం అసలు ఇవ్వలేకపోయాను. మొత్తం 1,08,000 కట్టకపోతే చెక్కు బ్యాంకులో వేస్తానని, షాపుకు తాళం వేస్తానని ఓనర్ అంటున్నారు. లాక్‌డౌన్ పెట్టింది ప్రభుత్వం కాబట్టి ఆ నెలల అద్దె ఇవ్వక్కర్లేదంటున్నారు కొందరు. నిజమేనా? చెక్కు స్టాప్ పేమెంట్ చేయించవచ్చా? బ్యాంకులో 6 లక్షల లోను ఉంది, మే నుంచి కిస్తీలు ఆగిపోయాయి. వడ్డీ మాఫీ అని సుప్రీంకోర్టు చెప్పినా బ్యాంకువాళ్లు వినడం లేదు. ఒక ప్రైవేటు స్కూలు 2019 జులై నాటి బిల్లు 1,46,000 ఇంతవరకు ఇవ్వలేదు. చిన్న పరిశ్రమగా ఉద్యం రిజిస్ట్రేషన్ 2020 అక్టోబర్‌లో చేయించాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అడిగినవాటిలో బ్యాంకు సంగతికే గడువు దగ్గరపడింది. సెప్టెంబర్ 30. ఇప్పుడు ఆగస్టులో ఉన్నాం కాబట్టి ముందు అది చెప్పి, అద్దె విషయానికి వస్తాను.

సుప్రీంకోర్టు 2021 మార్చి 23న ఇచ్చిన తీర్పు వడ్డీని మాఫీ చేయలేదు. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలల మారటోరియం (కిస్తీల వాయిదా) కాలానికి వడ్డీ మీద వడ్డీ వేయకూడదని మాత్రమే చెప్పింది. అసలు వడ్డీ కట్టాల్సిందే, మారటోరియం పొడిగించేది లేదని కూడా అందులోనే ఉంది. 2 కోట్ల లోపు లోన్లకు ఆ తేడా సొమ్మును ప్రభుత్వమే ముందు ఏడాది నవంబర్‌లో బ్యాంకుల ద్వారా జమ చేయించింది. మీ 6 లక్షలకు 11 శాతం వడ్డీ అనుకుంటే, ఆరు నెలలకు బారు వడ్డీ 33,000, నెలనెలా చక్రవడ్డీ అయితే 33,765. తేడా 765 రూపాయలు. పాస్‌బుక్‌లో 2020 నవంబర్ పేజీ తీయండి, ఏడెనిమిది వందల చిల్లర జమ కనిపించవచ్చు. ‘వడ్డీ మాఫీ’ అని టీవీల్లో మోగిపోయినదాంట్లో మీ వాటా అదే. దానికోసం మేనేజర్‌తో గొడవ పెట్టుకోవద్దు.

ఆయన్ని అడగాల్సింది వేరే ఉంది. రిజర్వ్ బ్యాంకు 2021 మే 5న చిన్న పరిశ్రమల లోన్లను మళ్లీ సర్దుబాటు (రీస్ట్రక్చర్) చేసుకునే వీలు కల్పించింది. పైన చెప్పిన సెప్టెంబర్ 30 గడువు దీనికే. ఇంతకుముందు ఇలా రీస్ట్రక్చర్ కాని ఖాతా అయి, 2021 మార్చి 31 నాటికి ఎన్‌పీఏ (మొండి బాకీ) కాకుండా ఉంటే చాలు. మీరు కిస్తీలు ఆపింది మే నుంచే. తొంభై రోజులు దాటి ఖాతా ఈ మధ్యే ఎన్‌పీఏలో పడ్డా కంగారు అక్కర్లేదు. ఏప్రిల్ 1 తర్వాత పడినవాటిని రీస్ట్రక్చర్ అమలైన రోజున తిరిగి మామూలు ఖాతాగా మార్చవచ్చని ఆ సర్క్యులర్‌లోనే ఉంది. దరఖాస్తుకు ఉద్యం సర్టిఫికెట్ జతచేయండి. జీఎస్టీ అవసరం లేనంత చిన్న వ్యాపారమైతే ఆ మాట కూడా రాయండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద బ్యాంకు ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ‘సార్ లీవులో ఉన్నారు, వచ్చే వారం రండి’ అనే కౌంటర్ జవాబు లెక్కలోకి రాదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, సిబిల్‌లో రీస్ట్రక్చర్ అయినట్టు పడుతుంది. మీ పరిస్థితిలో ఆ రెండూ భరించదగినవేనని నా అభిప్రాయం.

ఇక అద్దె. లాక్‌డౌన్ వల్ల షాపు మూతపడింది కాబట్టి అద్దె దానంతట అదే పోతుందన్నది తప్పు. ఒప్పందం అమలు అసాధ్యమైతే రద్దవుతుందని కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ చెబుతుంది గానీ, ఒకసారి లీజు మొదలై స్వాధీనం మీ చేతికి వచ్చాక ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో అగ్నిప్రమాదం, తుఫాను, వరద వంటి మాటలున్నాయి. అక్కడ కూడా ఆస్తి ధ్వంసం కావాలి, లేదా శాశ్వతంగా పనికిరాకుండా పోవాలి. మీ షాపు గోడలు నిలబడే ఉన్నాయి, మిషన్లు లోపలే ఉన్నాయి. ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక షాపు కేసులో అక్కడి హైకోర్టు 2020 మే 21న ఇదే చెప్పింది: లాక్‌డౌన్ పేరుతో అద్దె ఆపడం కుదరదు, కట్టడానికి కాస్త గడువు ఇవ్వవచ్చు. మన కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడాలని లేదు గానీ, ఆ దారి వదిలి పక్కకు వెళ్తాయని నేను అనుకోను. పోయిన ఏడాది మన రాష్ట్ర ప్రభుత్వం మూడు నెలలు అద్దె అడగొద్దన్నది కూడా ఇళ్ల సంగతి, అదీ వాయిదాయే. అగ్రిమెంటులో మహమ్మారి వస్తేనో, ప్రభుత్వం మూయిస్తేనో అద్దె ఉండదని ప్రత్యేకంగా రాసి ఉంటే కథ వేరు. మీరు పంపిన కాపీలో అలాంటి మాట లేదు.

ఈ జులై అద్దెకైతే లాక్‌డౌన్ వాదన మొదలే కాదు. మన దగ్గర రెండో లాక్‌డౌన్ మే 12న మొదలై జూన్ 19తో అయిపోయింది. స్కూళ్లు తెరవకపోతే యూనిఫారం కుట్టించుకునేవాడే ఉండడని నాకు తెలుసు. కానీ అది గిరాకీ కష్టం, షాపు వాడుకోలేని కష్టం కాదు.

మరి మీ చేతిలో ఏమీ లేదా? ఉంది. మీరు అంతగా పట్టించుకోని ఆ వాట్సాప్ మెసేజ్‌లే. వాటిని నేను రెండుసార్లు చదివాను. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఓనర్ మాట ఒకే తీరుగా ఉంది: “ఈ నెలకు తొమ్మిది చాలు తమ్మీ.” జులై నుంచి మాట మారింది: “తొమ్మిది పంపు, మిగతాది తర్వాత చూద్దాంలే.” మీకు రెండూ ఒకటే అనిపించి ఉంటాయి. కోర్టులో ఒకటి కావు. తనకు రావాల్సినదాన్ని మొత్తంగా గానీ కొంత గానీ వదులుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ అది. అలా వదులుకున్నందుకు ప్రతిఫలం ఏమీ ఇచ్చి ఉండనక్కర్లేదు. ‘చాలు’ అని, 9,000 తీసుకుని, ఏడాది పాటు మళ్లీ అడగలేదంటే ఆ మూడు నెలల సగం వదిలేశారని గట్టిగా వాదించవచ్చు. ‘తర్వాత చూద్దాం’ మాత్రం వాయిదా, మాఫీ కాదు.

లెక్క ఇలా తేలుతుంది. మొదటి మూడు నెలల 27,000 తీసేస్తే, తర్వాతి మూడు నెలల 27,000, ఈ ఏడాది మూడు నెలల 54,000 కలిపి 81,000. ఆయన దగ్గర మీ అడ్వాన్స్ లక్ష ఉంది. అందులోంచి కోసుకోండని మీరు ఒత్తిడి చేయలేరు, ఖాళీ చేసేటప్పుడు ఇవ్వాల్సిన డబ్బు అది. కానీ ఆయన డబ్బు మునిగిపోతోందన్న మాటలో పస లేదని చూపడానికి పనికొస్తుంది.

ఆ మెసేజ్‌లున్న ఫోను జాగ్రత్త. స్క్రీన్‌షాట్ ప్రింట్లు ఒక్కటే చాలవు. సాక్ష్య చట్టం 65బి (2024 జులై నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్) కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదా అసలు ఫోనే కోర్టు ముందు పెట్టాలి. పోయిన ఏడాది జులైలో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. దసరా ఆఫర్లలో దాన్ని ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేస్తే మీ కేసు కూడా దాంతోపాటే వెళ్లిపోతుంది.

తాళం విషయానికి భయపడకండి. రెండు నెలలు అద్దె ఆగితే తాళం వేసుకోవచ్చని మీ అగ్రిమెంటులో రాసుకున్నారు. అలా రాసుకున్నా చట్టం చేతుల్లోకి తీసుకునే హక్కు ఎవరికీ రాదు. కార్పొరేషన్ పరిధిలో అద్దె 3,500 దాటింది కాబట్టి మీది రెంట్ కంట్రోల్ (అద్దె నియంత్రణ) చట్టం కిందికి రాదు. రిజిస్టర్ కాని మూడేళ్ల అగ్రిమెంటును కోర్టు నెలనెలా కిరాయిగానే చూస్తుంది. అంటే ఓనర్ పదిహేను రోజుల నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టులో దావా వేసి, డిక్రీ తెచ్చుకుని ఖాళీ చేయించాలి. ‘కుట్టడం తయారీ కిందికి వస్తుంది, ఆరు నెలల నోటీసు కావాలి’ అని మీకు ఎవరైనా చెబుతారు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. అర్ధరాత్రి తాళం పడితే వెంటనే ఫొటో తీసి పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ‘ఇది సివిల్ మ్యాటర్’ అని వాళ్లు అంటారు, అనుకున్నదే. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేస్తే, అద్దె బాకీ సంగతి పక్కనపెట్టి ముందు మీ స్వాధీనం మీకు ఇప్పిస్తారు. బెదిరింపు మాత్రమే ఉన్న ఈ దశలో ఇంజంక్షన్ (తాళం వేయకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) కూడా అడగవచ్చు. కానీ ముందే కోర్టుకెక్కితే రాజీ తలుపు మూసుకుంటుంది. వారం ఆగండి.

నాకు టెన్షన్ పెడుతున్నది చెక్కు. స్టాప్ పేమెంట్ చేయిస్తే తప్పించుకోవచ్చన్నది అపోహ. అలా వెనక్కి వచ్చిన చెక్కుకూ చెక్కు బౌన్సును నేరంగా చూసే 138వ సెక్షన్ వర్తిస్తుందని 1998లోనే తేలిపోయింది. ‘ఖాళీ చెక్కు ఇచ్చాను, అంకెలు ఆయన వేసుకున్నారు’ అన్నా లాభం తక్కువ. ఇష్టపూర్వకంగా సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కును కూడా బాకీ కింద ఇచ్చినట్టే కోర్టు మొదట అనుకుంటుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. చెక్కు తిరిగొస్తే ఓనర్ ముప్పై రోజుల్లో నోటీసు పంపాలి, అది అందాక మీకు పదిహేను రోజులు ఉంటాయి. ఆ కవరు వస్తే ‘డోర్ లాక్’ అని పోస్ట్‌మ్యాన్‌తో రాయించి తిప్పి పంపకండి, అందినట్టే లెక్క. పదిహేను రోజుల్లో మెసేజ్‌ల సంగతి రాస్తూ జవాబు ఇప్పించండి. కోవిడ్ వల్ల కోర్టు గడువులను సుప్రీంకోర్టు పొడిగించిన ఉత్తర్వులో చెక్కు కేసుల ప్రస్తావన కూడా ఉంది. ఓనర్ ఆలస్యం చేశారు కాబట్టి కేసు చెల్లదన్న ధీమా ఇప్పుడు పనికిరాదు.

స్కూలు బిల్లు. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలని చిన్న పరిశ్రమల 2006 చట్టం చెబుతుంది. 2021 ఆగస్టులో బ్యాంకు రేటు 4.25, అంటే వడ్డీ 12.75 శాతం. ఇలాంటి బాకీల కోసం ఉన్న ప్రభుత్వ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే, ఆ చట్టం కింద ఏర్పడిన ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. మంచి ఆయుధమే, కానీ మీ చేతికి ఆలస్యంగా వచ్చింది. సరుకు ఇచ్చేనాటికే రిజిస్ట్రేషన్ ఉండాలి, తర్వాత చేయించుకుంటే పాత బిల్లులకు వర్తించదని 2021 జూన్ 29న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మీ ఉద్యం 2020 అక్టోబర్‌ది, బిల్లు 2019 జులైది. అంతకుముందు ఉద్యోగ్ ఆధార్ (ఉద్యం రాకముందు ఉన్న రిజిస్ట్రేషన్) ఏమైనా తీసుకున్నారా? బీరువాలో వెతకండి. ఆ కాగితం దొరికితే దారి తెరుచుకుంటుంది.

దొరకకపోతే మామూలు దావాయే. మూడేళ్ల కాలపరిమితి 2022 జులై దాకా ఉంది, కోవిడ్ పొడిగింపు అదనం. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. నోటీసు పంపితే గడువు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, పెరగదు. స్కూలువాళ్లు గడువులోపు సంతకంతో ‘ఇంత బాకీ ఉన్నాం’ అని రాసిస్తేనే అక్కడి నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతుంది. కాబట్టి ఈ నెలలోనే అకౌంటెంట్‌ను కలిసి బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకం, ముద్ర వేయించుకోండి. ‘ఫీజులు రాలేదు’ అంటే మొహమాటపడకండి, ఆ బిల్లు కరోనాకు ఎనిమిది నెలల ముందుది. వాళ్లు ఇవ్వం అంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోసం) దరఖాస్తు పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం.

ఈలోపు గిరిగిరి ఫైనాన్స్ జోలికి వెళ్లకండి. 50,000 అని రాసుకుని 42,500 చేతిలో పెట్టి, రోజుకు 500 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. ఏడాది లెక్క కడితే వడ్డీ నూరు శాతం దాటుతుంది. అద్దె బాకీకి అంత ఖరీదు లేదు.

ఓనర్‌కు రేపే ఒక ఉత్తరం రాసి, ఆగస్టు అద్దెతో పాటు స్వయంగా ఇచ్చి రండి. ఆయన రిటైర్డ్ ఉద్యోగి, ఆ అద్దె మీదే ఇల్లు నడుస్తోందని మీరే రాశారు, కాబట్టి చేతిలో డబ్బు పెట్టి మాట్లాడితేనే వింటారు. ఉత్తరంలో ఈ మాటలు ఉండాలి: “నా హక్కులకు భంగం లేకుండా రాస్తున్నాను. 2020 ఏప్రిల్, మే, జూన్ నెలలకు మీరు 9,000 చాలన్నారు. మిగిలిన బాకీ 81,000. నెలనెలా అద్దెతో పాటు 9,000 చొప్పున తొమ్మిది నెలల్లో తీర్చేస్తాను. సంతకం చేసిన నా ఖాళీ చెక్కు తిరిగి ఇవ్వగలరు.” చెక్కు వెంటనే ఇవ్వనంటే, ఆఖరి కిస్తీ రోజున ఇస్తానని, ఈలోగా బ్యాంకులో వేయనని అదే కాగితం కింద రాయించుకోండి. ఆయన సంతకం పెట్టిన కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పెట్టనంటే అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు తీసుకుని దగ్గర్లోని వకీలును కలవండి.