పక్కనే రైల్వే స్టేషన్ పనులు జరుగుతుంటే అపార్ట్‌మెంట్ వాళ్లకు ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న అడిగినవారి అపార్ట్‌మెంట్ పక్కన రైల్వే స్టేషన్ పునర్నిర్మాణం మొదలైందట. అసోసియేషన్ తరఫున నివాసులకు ఎన్నాళ్లకోసారి సమాచారం ఇవ్వాలి, కాంట్రాక్టరు పంపే నోటీసును వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోదా అని అడిగారు. మా ప్రహరీ గోడకు అవతల ఇలాంటి పనులే సాగాయి. వాటి సమాచారం నివాసులకు రాసి పంపే బాధ్యత చాలాకాలం నేనే చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: నోటీసును ఉన్నదున్నట్టు ఎప్పుడూ పంపకండి. అది పనిచేసేవాళ్లు తమ అవసరానికి రాసుకున్న కాగితం. దాన్ని ఆ రాత్రి నిద్రపోవలసిన మనిషికి పనికొచ్చేలా తిరగరాయడమే అసోసియేషన్ చేయవలసిన అసలు పని.

ఈ అభిప్రాయం నాకు ఒక్క రాత్రిలో స్థిరపడింది. అప్పటికి ఆ బాధ్యత వేరొకరిది. స్టేషన్‌లో కొత్త పాదచారుల వంతెనకు ఇనుప గర్డర్లు ఎక్కించే పని గురించి ఒక నోటీసు వచ్చింది. అందులో ‘18వ తేదీ 00.40 నుంచి 03.40 వరకు ట్రాఫిక్, పవర్ బ్లాక్’ అని ఉంది. బ్లాక్ అంటే పని కోసం ఆ వేళల్లో రైళ్లనూ, పట్టాల పైని విద్యుత్తునూ ఆపడం. దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. చదివిన ప్రతి ఒక్కరూ 18వ తేదీ పొద్దుగూకి, భోజనాలు ముగించి పడుకున్న తరువాత వచ్చే అర్ధరాత్రి అనే అర్థం చేసుకున్నారు. నెలల బిడ్డ ఉన్న ఒక కుటుంబం ఆ రాత్రికి బంధువుల ఇంటికి వెళ్లేలా ఏర్పాటు చేసుకుంది. గుండె శస్త్రచికిత్స జరిగి కోలుకుంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రెండో అంతస్తులో ఉండేవారు. ఆయన మంచాన్ని 18వ తేదీ సాయంత్రం రోడ్డు వైపు గదిలోకి మార్పిద్దామని ఇంట్లోవాళ్లు అనుకున్నారు.

క్రేను 17వ తేదీ రాత్రే వచ్చింది. పదకొండు దాటిన కాసేపటికి ఫ్లడ్‌లైట్లు వెలిగి, కిటికీ ఊచల నీడలు పడకగది గోడ మీద బారులు తీరాయి. క్రేను తన స్థానంలోకి వచ్చేందుకు ముందుకూ వెనక్కూ జరుగుతున్నప్పుడల్లా రివర్స్ హారన్ ఆగకుండా మోగుతూనే ఉంది. గొలుసులు లారీ నుంచి కాంక్రీటు నేల మీద పడ్డ చప్పుడుకు మా మెట్ల దగ్గర దీపాలన్నీ వెలిగాయి. మాస్టారు ఒక చేత్తో రెయిలింగు, ఇంకో చేత్తో కోడలి భుజం పట్టుకుని మెట్ల మలుపు దగ్గర నిలబడి, “ఇవాళ కాదన్నారు కదండీ, రేపన్నారు కదా!” అని కనబడిన ప్రతివారినీ అడుగుతున్నారు. ఆయన ముఖంలో కనిపించింది కోపం కాదు, భయం. చప్పుడు ఏమిటో తెలియక, ఎప్పటికి ఆగుతుందో తెలియక కలిగే భయం.

నేను కిందికి దిగి, సైట్ గేటు దగ్గర ఉన్న ఇంజనీరును పలకరించాను. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. “సార్, మా లెక్కలో అర్ధరాత్రి దాటితే తేదీ మారిపోతుంది. 18వ తేదీ 00.40 అంటే ఇదే” అని తన చేతిలోని బ్లాక్ కాగితం చూపించాడు. చాలా విద్యుదీకరించిన మార్గాల్లో పట్టాల పైన ఉండే తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. దాన్ని ఆపి, రెండు చివర్లా ఎర్తింగ్ చేసి, రాతపూర్వకమైన అనుమతి చేతికి వచ్చాకే క్రేను చెయ్యి పట్టాల మీదుగా తిరగాలి. ఇచ్చిన గడువు ముగిసేలోగా గర్డరును కూర్చోబెట్టి, బిగించి, మనుషులను, సామాన్లను పట్టాల మీది నుంచి తప్పించి, తొలి రైలుకు దారి అప్పగించాలి. ఆ గడువులో పూర్తి కాదనిపిస్తే గర్డరును మళ్లీ కిందికి దింపి, ఇంకో బ్లాక్ కోసం ఎదురుచూడాలి. ఇదంతా అతను రెండు నిమిషాల్లో చెప్పాడు. నేను పైకి వెళ్లి మాస్టారుకు అవే మాటలు చెప్పి, మూడుంముప్పావుకల్లా పెద్ద మోతలు ఆగిపోతాయని అన్నాను. ఆయన కుర్చీ తెప్పించుకుని బాల్కనీలో కూర్చున్నారు. గర్డరు పైకి లేచి, గాలిలో మెల్లగా తిరిగి, స్తంభాల మీద కూర్చునేదాకా చూసి వెళ్లి పడుకున్నారు. ఆయన కూర్చున్నంతసేపూ చప్పుడు రవ్వంత కూడా తగ్గలేదు.

ఆ తరువాతి సమావేశంలో సమాచారం పంపే బాధ్యత నాకు ఇవ్వమని నేనే అడిగి తీసుకున్నాను. అప్పటి నుంచి మా సందేశాల్లో 00.40 అన్న అంకె ఎన్నడూ కనబడలేదు. ‘17వ తేదీ శుక్రవారం మనం పడుకున్నాక, తెల్లవారితే శనివారం అనగా’ అని రాసేవాళ్లం. ఇంకో సంగతి కూడా ఆ రాత్రే తెలిసింది: బ్లాక్ వేళలు వేరు, చప్పుడు వేళలు వేరు. బ్లాక్ 12.40కి మొదలవుతుందంటే క్రేను, లారీలు, దీపాలు అంతకు గంటో రెండు గంటలో ముందే వస్తాయి. పని ముగిశాక సామాన్లు ఎక్కించుకుని వెళ్లడానికి ఇంకొంత సమయం పడుతుంది. కాబట్టి ఇంజనీరును ‘బ్లాక్ ఎప్పుడు’ అని అడిగి ఊరుకోకూడదు. ‘మొదటి బండి మా గోడ పక్కకు ఎన్నింటికి వస్తుంది, ఆఖరి బండి ఎన్నింటికి పోతుంది’ అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకు దొరికే జవాబే నివాసులకు కావలసిన సమాచారం.

తరువాత, ఏ రకం చప్పుడో పేరు పెట్టి చెప్పండి. ‘నిర్మాణ పనులు జరుగును’ అన్న వాక్యం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. నేలను తొలిచి కాంక్రీటు నింపే పైల్స్ (నేల లోపలికి దించే పునాది స్తంభాలు) అయితే ఇంజను రొద ఎడతెగకుండా ఉంటుంది గానీ దెబ్బలు ఉండవు. సుత్తితో దిగగొట్టే పైల్స్ అయితే ప్రతి దెబ్బా మంచం కాళ్లకు తెలుస్తుంది. పాత ప్లాట్‌ఫారాన్ని బ్రేకర్‌తో పగలగొట్టే రోజు అన్నిటికన్నా కష్టమైనది. ఆ రోజు పగటి పూట చంటిపిల్లలను, పరీక్షలకు చదువుకునేవాళ్లను ఇంటికి అవతలి వైపు గదుల్లోకి పంపమని ముందే చెప్పవచ్చు. కాంక్రీటు పోసే రోజైతే ముగింపు వేళను ఖచ్చితంగా రాయకండి. ఒకసారి మొదలుపెట్టిన పోతను మధ్యలో ఆపితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ సరిగా అతుకు పడక కోల్డ్ జాయింట్ ఏర్పడుతుంది. అందుకే లారీ ఆలస్యమైతే పని కూడా ఆలస్యంగా ముగుస్తుంది. ఈ కారణం ఒక్క వాక్యంలో రాసిననాడు మా గ్రూపులో ఎవరూ తిట్టలేదు. కారణం రాయనినాడు అందరూ కాంట్రాక్టరు మాట తప్పాడనుకున్నారు.

చప్పుడు గురించి కాంట్రాక్టర్లు ఇచ్చే సగటు అంకెలను నేను నమ్మను. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లో ఇంటి బయట రాత్రి ధ్వని 40 డెసిబెళ్లు దాటకూడదని మార్గదర్శకం ఇచ్చింది. కానీ అది ఏడాది పొడవునా రాత్రుల సగటు. ఒక్క రాత్రి గొలుసు పడ్డ చప్పుడు ఆ సగటులో మాయమైపోతుంది. అదే సంస్థ 1999లో పడకగదిలో ఒక్కొక్క విడి చప్పుడు 45 డెసిబెళ్ల లోపు ఉండాలని చెప్పింది. మనిషిని నిద్ర లేపేది విడి చప్పుడే కాబట్టి మనం అడగవలసింది ఆ అంకె. డెసిబెళ్లు పది పెరిగితే చెవికి సుమారు రెట్టింపు మోతగా వినబడుతుందన్న సంగతి కూడా నివాసులకు చెప్పాలి. లేకపోతే 60కీ 70కీ పెద్ద తేడా లేదనుకుంటారు. రివర్స్ హారన్ మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే చెబుతాను. ఒకే స్వరంతో కీచుమనే హారన్‌కు బదులు గాలి వీచినట్టు ‘ష్, ష్’ అని వినిపించే బ్రాడ్‌బ్యాండ్ హారన్లు ఉన్నాయి. బండి వెనకున్నవాళ్లకు అవి స్పష్టంగా వినిపిస్తాయి, దూరం వెళ్లేకొద్దీ త్వరగా పలచబడతాయి. ఇళ్ల పక్కన రాత్రి పనిచేసే ప్రతి బండికీ అవే ఉండాలని నా గట్టి అభిప్రాయం. అసోసియేషన్ రాసే మొదటి ఉత్తరంలోనే ఇది అడగండి.

ఎన్నాళ్లకోసారి అంటే, వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే వేళకు పంపండి. చెప్పడానికి ఏమీ లేని వారం కూడా ‘ఈ వారం రాత్రి పనులు లేవు’ అని పంపండి. ఆ ఒక్క వాక్యం కోసమే ఎదురుచూసేవాళ్లు ప్రతి భవనంలో ఉంటారు. రాత్రి పని ఉన్న రోజు సాయంత్రం ఇంకో సందేశం తప్పనిసరి, ఎందుకంటే రైళ్లు ఆలస్యమైనా, వాన పడినా బ్లాక్ ఆఖరి నిమిషంలో రద్దు కావచ్చు. రద్దయితే వెంటనే చెప్పాలి. చెప్పకపోతే రాని చప్పుడు కోసం జనం మేలుకుని కూర్చుంటారు, మర్నాటి నుంచి మీ సందేశాలు చదవడం మానేస్తారు. ప్రతి తేదీ పక్కన ‘ఖాయమైంది’, ‘అనుమతి రావలసి ఉంది’, ‘అనుకుంటున్నారు’ అన్న మూడింటిలో ఏదో ఒక మాట మేము రాసేవాళ్లం. మూడో మాట ఉన్న తేదీని నమ్ముకుని ఎవరూ ప్రయాణాలు పెట్టుకోలేదు.

మొత్తం పని ఎప్పటికి పూర్తవుతుందన్న తేదీని మాత్రం మీ నోటితో చెప్పకండి. లండన్‌లో ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గాన్ని 2018 డిసెంబరులో తెరుస్తామన్నారు. అది తెరుచుకున్నది 2022 మే 24న. అదే నగరంలో లండన్ బ్రిడ్జ్ స్టేషన్‌ను 2013 నుంచి 2018 దాకా, స్టేషన్‌ను మూసేయకుండా, కొన్ని ప్లాట్‌ఫారాల చొప్పున కట్టుకుంటూ వచ్చారు. చారింగ్ క్రాస్ వైపు వెళ్లే రైళ్లు 2015 జనవరి నుంచి 2016 ఆగస్టు వరకు అక్కడ ఆగనే లేదు. నడుస్తున్న స్టేషన్‌ను కట్టడమంటే అలాగే ఉంటుంది. నివాసులకు చెప్పవలసింది దశల గురించి: ఇప్పుడు ఏ వైపు పని నడుస్తోంది, ఆ తరువాత ఏ వైపుకు మారుతుంది, మన గోడ పక్కకు ఎప్పుడు వస్తుంది.

గోడల పగుళ్ల విషయంలో ఆలస్యం చేయకండి. పనులు తీవ్రం కాకముందే ప్రతి ఫ్లాటులో గోడలు, మెట్లు, ప్రహరీ ఫొటోలు తీయించి, తేదీ వేసి, కాంట్రాక్టరు మనిషి చేత సంతకం పెట్టించండి. ఉన్న పగుళ్లు కదిలితే తెలిసేలా వాటి మీద గాజుపలక అతికించడం గానీ, గళ్లున్న ప్లాస్టిక్ క్రాక్ గేజ్ బిగించడం గానీ చేయించండి. ఎండకూ వానకూ పగుళ్లు వాటంతట అవే కాస్త తెరుచుకుని మూసుకుంటాయి. మొదటి కొలత లేకపోతే ఏది ఎవరి వల్ల వచ్చిందో తేలదు. ఇంట్లో కూర్చున్న మనిషికి సెకనుకు సుమారు 0.3 మిల్లీమీటర్ల కంపనమే తెలిసిపోతుంది. జర్మన్ ప్రమాణం డిఐఎన్ 4150 ప్రకారం మామూలు నివాస భవనం పునాది దగ్గర స్వల్పకాలిక కంపనాల విషయంలో తక్కువ పౌనఃపున్యాలకు (నెమ్మదిగా ఊగే కంపనాలకు) కూడా సెకనుకు 5 మిల్లీమీటర్ల వరకు అనుమతించవచ్చు. అంటే వణుకు తెలిసిన ప్రతిసారీ భవనానికి హాని జరిగిందని కాదు. అలాగని కొత్త పగులు చూపించినవాళ్లను తోసిపుచ్చడం నేను ఒప్పుకోను. కొలోన్ నగరంలో మెట్రో నిర్మాణ స్థలం పక్కనే ఉన్న, నగరపు పాత పత్రాలు భద్రపరిచే భవనం 2009 మార్చి 3న కూలి, పొరుగు ఇళ్లలోని ఇద్దరు యువకులు ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి మా దగ్గర పగులు గురించి వచ్చిన ప్రతి మాటకూ ఒక వరుస సంఖ్య, ఫొటో, ఇంజనీరు చూసిన తేదీ ఉండేవి. ఆ జాబితా అందరికీ కనబడేలా ఉండేది.

సమాచారం పెట్టే చోటు గురించి కూడా చెప్పాలి. పుట్టినరోజు శుభాకాంక్షలు, సుప్రభాతం బొమ్మలు వచ్చే గ్రూపులో రాత్రి పని కబురు పెడితే పావుగంటలో పైకి కొట్టుకుపోతుంది. నిర్వాహకులు మాత్రమే రాయగలిగే వేరే గ్రూపు పెట్టండి. అద్దెకున్నవాళ్లను, కాపలాదారును కూడా అందులో చేర్చండి. చాలా చోట్ల సొంతదారులనే చేరుస్తారు, వాళ్లలో సగం మంది అక్కడ ఉండరు. ఫోను చూడనివాళ్ల కోసం పెద్ద అక్షరాల కాగితం లిఫ్టులో అంటించండి. ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అన్న వాక్యం మాత్రం దాని మీద వద్దు. ఆ స్థలంలో రాత్రి రెండింటికి ఎత్తే ఫోన్ నంబరు రాయండి. నంబరు అంటించే ముందు ఒక రాత్రి మీరే చేసి చూడండి.

ఇక, ఇంజనీరు సమాచారం ఇవ్వకపోతే ఏమి చేయాలన్నది మీరు అడగలేదు గానీ, రేపు తప్పక అడుగుతారు. ప్రతి వారం అవే నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా పంపండి: రాత్రి పని ఉందా, మొదటి బండి ఎప్పుడు, ఆఖరి బండి ఎప్పుడు, ఏ యంత్రం. జవాబు రాకపోతే, ‘అడిగాము, ఈ వారం జవాబు రాలేదు’ అని నివాసులకు అలాగే రాసి, ఆ సందేశం నకలును పనిని పర్యవేక్షించే రైల్వే అధికారికి పంపండి. మా దగ్గర అలా ఒకసారి పంపిన తరువాత జవాబులు సాయంత్రం లోపే రావడం మొదలైంది.