హైదరాబాద్‌కి జట్టు లేని ఐఎస్ఎల్ సీజన్‌లో మనం ఎవరి వైపు?

"2026 ఫిబ్రవరి 14 నుంచి ఐఎస్ఎల్, అదే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్, మొదలవుతోంది, హైదరాబాద్ ఎఫ్‌సీ లేదు. ఇక్కడ ఉండేవాళ్లం ఇప్పుడు ఏ జట్టుని పట్టుకోవాలి, అసలు చూడాలా వద్దా" అని అడిగారు. పదకొండేళ్ల మా అమ్మాయి అక్టోబరు నుంచి ఇదే అడుగుతోంది. దానికి చెప్పిందే మీకూ చెబుతాను.

చూడండి, తప్పకుండా చూడండి. కాకపోతే మన జట్టు పోయింది కదా అని వెంటనే ఇంకో ఊరి జెర్సీ మాత్రం కొనకండి.

ఎందుకో చెప్పాలంటే 2019కి వెళ్ళాలి. మనకు ఆ జట్టు రావడమే ఇంకో ఊరు పోగొట్టుకుంటే వచ్చింది. పుణె సిటీ మూతపడింది, ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. అదే ఏడు ఢిల్లీ జట్టు భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఇప్పుడు మన జట్టు ఢిల్లీ వెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అప్పట్లో పుణె వాళ్లు ఎంత బాధపడి ఉంటారో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పోయిన అక్టోబరులో ఆ వార్త చదివిన రాత్రి మొదట గుర్తొచ్చింది వాళ్లే.

2019 నవంబరు 2న గచ్చిబౌలిలో మొదటి హోం మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. అమ్మాయికి అప్పుడు అయిదేళ్లు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టింది, ఆటకీ జనానికీ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది. కింది వరసల్లో కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతోందో సరిగ్గా తెలియదు. మేం తెలియక కిందే కూర్చున్నాం. మొదట గోల్ కేరళది. తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. ఇక చివర్లో మార్సెలిన్యో ఫ్రీ కిక్. బంతి ఆటగాళ్ల గోడ మీదుగా లేవడం వరకే నాకు కనిపించింది, వల కదలడం కనిపించలేదు. అవతలి స్టాండ్ ఒక్కసారిగా లేచింది, అప్పుడు అర్థమైంది గోల్ అని. భుజాల మీదున్న పిల్ల నా జుట్టు రెండు చేతుల్తో పట్టుకుని గుంజింది. 2-1. ఆ సీజన్లో మొత్తం గెలిచింది రెండే, పట్టికలో అట్టడుగున ఉన్నాం, అయినా ఆ ఫ్రీ కిక్ ఇంకా నా కళ్లముందే ఉంది.

తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల అన్ని మ్యాచ్‌లూ గోవాలోనే జరిగాయి. మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చి కుర్రాళ్లతో కట్టిన ఆ చక్కటి జట్టు ఎదుగుతుంటే మన ఊరు టీవీలోనే చూసింది. 2022 మార్చి 20, ఫటోర్డాలో ఫైనల్, మళ్ళీ కేరళే. గ్యాలరీలన్నీ పసుపే, కానీ ఆ పసుపు వాళ్ల అభిమానులది. మైదానంలో పసుపు వేసుకున్నది మనవాళ్లు. రెండు జట్ల రంగూ పసుపే, లీగ్ పట్టికలో మనం పైన ఉన్నాం కాబట్టి ఆ రంగు మనకు దక్కింది, వాళ్లు నల్ల జెర్సీల్లో ఆడారు. గోల్ కొట్టి వాళ్లు ముందున్నారు, సాహిల్ తవోరా 88వ నిమిషంలో దూరం నుంచి కొట్టి సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. చివరి కిక్ నార్జరీ లోపలికి పంపగానే కూకట్‌పల్లిలో మా ఫ్రెండ్ వాళ్లింట్లో మేం నలుగురం ఒకరి మీద ఒకరం పడ్డాం. కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి "ఏమైంది బాబూ, ఎవరికైనా బాలేదా" అని అడిగింది. కప్పు గెలిచామని చెబితే ఆవిడ క్రికెట్ అనుకుంది.

ఆ మరుసటి సీజన్‌కి ఆట గచ్చిబౌలికి తిరిగొచ్చింది. లీగ్ పట్టికలో మళ్ళీ రెండో స్థానం. సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లూ 0-0, కోల్‌కతాలో పెనాల్టీల్లో పోయింది. ఆ తర్వాతే డబ్బు కష్టాలు. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం పడింది. 2023-24లో 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి, అదీ చెన్నైలో. ఆ సీజన్‌లో నేను గచ్చిబౌలిలో చూసింది ఎక్కువగా ఇరవై నిండీ నిండని పిల్లల్నే. ఓడిపోతున్నామని తెలిసీ తొంభయ్యో నిమిషంలోనూ పరుగెత్తారు. కప్పు గెలిచిన జట్టు కంటే ఆ పిల్లలే నాకు ఎక్కువ ఇష్టమంటే అతిశయోక్తి కాదు.

ఇక ఈ సీజన్ సంగతి. ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్ నడిపిన సంస్థకూ మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగిసింది. కొత్తగా టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. సెప్టెంబరుకల్లా మొదలు కావాల్సింది ఫిబ్రవరికి జరిగింది. 14 జట్లు, ఒక్కో జంట ఒక్కసారే తలపడుతుంది, మొత్తం 91 మ్యాచ్‌లు. అంటే ఒక్కో జట్టుకి 13. పోయిన సీజన్‌లో 24 ఉండేవి. అందుకే ఈసారి చెడ్డ ఆరంభం చేసిన జట్టుకి కోలుకునే టైం ఉండదు, మొదటి నాలుగు వారాల్లోనే లెక్క తేలిపోవచ్చు. నెలల తరబడి సరైన పోటీ లేని కాళ్లతో ఆడతారు కాబట్టి మొదట్లో ఆట కాస్త మోటుగా ఉంటుంది. రెండు మ్యాచ్‌లు చూసి విసుగెత్తి మానేయకండి.

ఎవరి వైపు అంటారా? నేనైతే జట్టుని కాదు, మనుషుల్ని పట్టుకున్నాను. మన పసుపు వేసుకుని ఎదిగినవాళ్లు లీగ్ నిండా ఉన్నారు. మోహన్ బగాన్‌లో లిస్టన్ కొలాసో, ఆశిష్ రాయ్. ముంబయిలో ఆకాశ్ మిశ్రా. బెంగళూరులో చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి. ఈస్ట్ బెంగాల్‌లో సౌవిక్ చక్రవర్తి. మనోలో శిక్షణలో గోవా డిసెంబరులోనే సూపర్ కప్ గెలిచింది. ఆకాశ్ ఎడమ పక్క నుంచి బంతి తీసుకుని పైకి ఉరుకుతుంటే ఇప్పటికీ మా అమ్మాయి "నాన్నా, మనోడు" అంటుంది. ముంబయి గెలిచినా ఓడినా దానికి పట్టింపు లేదు. అలా చూస్తే ప్రతి మ్యాచ్‌లోనూ ఎవరో ఒక మనవాడు ఉంటాడు. ఢిల్లీ జట్టుని మాత్రం నేను ఇంకా మనస్ఫూర్తిగా చూడలేను. మీరు చూడగలిగితే అందులో తప్పేం లేదు, ఆ ఆటగాళ్ల దోషం ఏముంది.

ఇంకో మాట. "హైదరాబాద్‌కి జట్టు లేదు" అన్నది పూర్తి నిజం కాదు. అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరీనా ఉంది, శ్రీనిధి డెక్కన్ వాళ్ల గ్రౌండ్. ఐఎస్ఎల్‌కి కింది మెట్టు లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం వస్తే ఐఎస్ఎల్‌కి వెళ్ళేవాళ్లు. ఒకసారి పంజాబ్, ఒకసారి మహమ్మదన్ స్పోర్టింగ్ ఆ మెట్టెక్కాయి. అక్కడ ట్రాక్ లేదు, ఆటగాళ్లు ఒకర్నొకరు పిలుచుకునే మాటలు కూడా వినిపిస్తాయి. సొంత బండి ఉంటే వెళ్ళడం సులువు, బస్సు మీద ఆధారపడితే తిరుగు ప్రయాణం సంగతి ముందే చూసుకోండి.

మా నాన్న ఫతేమైదాన్‌లో మ్యాచ్‌లు చూస్తూ పెరిగినవాడు. ఐఎస్ఎల్ వచ్చినప్పుడు "మన ఊరికి ఫుట్‌బాల్ ఇప్పుడొచ్చిందా ఏంటి" అన్నాడు. నిజమే కదా. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి వరసగా అయిదేళ్లు, అప్పట్లో దేశంలో పేరున్న ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో తంగరాజ్, లతీఫ్, నూర్ మహమ్మద్, బలరాం మన ఊళ్లో ఆడినవాళ్లే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం కూడా ఆయన చేతి చలవే. అమ్ముగూడలో ఉండే బలరాంకి ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేకపోతే సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చేవారట. ఇది మా నాన్న కనీసం యాభై సార్లు చెప్పి ఉంటాడు, ప్రతిసారీ అమ్ముగూడ ఎంత దూరమో చేత్తో చూపిస్తాడు.

అందుకే మ్యాచ్ రోజున గచ్చిబౌలికి పోయే ఆ సాయంత్రాల్ని నేను ఈసారి బార్కస్, లాలాగూడ, జింఖానా గ్రౌండ్ల వైపు మళ్ళించాను. టికెట్ ఉండదు, కుర్చీ కూడా ఉండదు. సున్నంతో గీసిన గీత పక్కన నిలబడి చూడటమే. పోయిన నెల ఒక లోకల్ మ్యాచ్‌లో పదహారేళ్ల లెఫ్ట్ వింగర్ వేసిన క్రాస్ గాలికి వంగి నేరుగా గోల్‌లో పడింది. గోల్‌కీపర్ బంతి తెచ్చుకుంటూ ఆ కుర్రాడి భుజం తట్టి వెళ్ళాడు. టీవీలో ఏ కెమెరా చూపించని ఆట అది. ఈ పిల్లల్లో ఒక్కడు లీగ్‌లోకి వెళితే, ఏ జట్టులో ఆడితే ఆ జట్టు నాది.

మా అమ్మాయి కూడా ఆదివారాలు ప్రాక్టీసుకి వెళుతోంది. 2022లో ఒక సైజు పెద్దది కొన్న పసుపు జెర్సీ ఇప్పుడు దానికి సరిగ్గా సరిపోయింది, అదే వేసుకుని వస్తుంది. మీది సికింద్రాబాద్ వైపైతే మెసేజ్ పెట్టండి, ఏ గ్రౌండో చెబుతాను. ఆరున్నరకి మొదలవుతుంది, పెద్దవాళ్ల మ్యాచ్ ఎనిమిదింటికి.