చలికాలంలో కాలనీని కాచుకోవడం: కొత్త సెక్రటరీకి ఒక లేఖ

ఆదిలాబాద్,
నవంబరు

బిడ్డా,

ఈ ఏడు కాలనీ కమిటీ సెక్రటరీగా ఉండటానికి నువ్వు ఒప్పుకున్నావని విని చాలా సంతోషపడ్డాను. మొన్న కలిసినప్పుడు "పెద్దమ్మా, చలికాలం వస్తోంది, ఏమేం చూసుకోవాలో చెప్పు" అన్నావు. నిలబడి చెప్పే సంగతులు కావవి. ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా గడిపినదాన్ని కాబట్టి నాకు తెలిసినంత తీరిగ్గా రాస్తున్నాను.

మన ఉమ్మడి జిల్లాలో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రిపూట పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. అర్లి (టి), సిర్పూర్ (యు), గిన్నెధరి ఊళ్ల పేర్లు ఆ రోజుల్లో పేపర్లో తరచూ కనిపిస్తాయి. కొన్ని రాత్రులు ఐదారు డిగ్రీలకూ పడిపోతుంది. ఈ ఇగానికి ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లం చాలావరకు తట్టుకుంటాం. కానీ నేను డ్యూటీలో చూసిన చలికాలపు కేసుల్లో చలికి నేరుగా దెబ్బతిన్నవాళ్లు తక్కువ, చలి కాచుకోబోయి ప్రమాదంలో పడ్డవాళ్లు ఎక్కువ. కుంపటి, హీటర్ రాడ్, గ్యాస్ గీజరు, వేడినీళ్ల బ్యాగు, చలిమంట. నీ శ్రమంతా వీటి మీద పెట్టు. స్వెట్టర్ వేసుకోమని ఎవరికీ నువ్వు చెప్పనక్కర్లేదు.

అన్నిటికంటే ముందు కుంపటి. తలుపులు, కిటికీలు బిగించి, సందుల్లో పాత బట్టలు కూడా కుక్కి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. "పొగ రావట్లేదు కదా, వట్టి నిప్పులే కదా" అంటారు. పొగంతా పోయాక కణకణలాడే ఆ నిప్పుల్లోంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. ఆక్సిజన్‌ను మోయాల్సిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత తల తిరగడం, వాంతులు, కాళ్లలో సత్తువ పోవడం. మేలుకుని ఉన్నవాళ్లకైతే ఇవి తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లు అలాగే స్పృహ తప్పిపోతారు.

ఇక్కడ ఒక సంగతి అందరికీ విడమరిచి చెప్పు. కోవిడ్ తర్వాత చాలా ఇళ్లలో వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంది. పొద్దున్నే ఇంట్లోవాళ్లు తల పట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు ఆ మిషన్ తెచ్చి వేలికి పెడతారు. అది 98 చూపిస్తుంది. హమ్మయ్య అనుకుని టీ తాగించి మళ్లీ పడుకోబెడతారు. హిమోగ్లోబిన్‌ను పట్టుకున్నది ఆక్సిజనా, ఈ విషవాయువా అన్న తేడా ఆ మిషన్‌కు తెలియదు. కాబట్టి ఆ నంబరును నమ్మొద్దు. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు మొదలైతే ముందు కుంపటినే అనుమానించాలి. తలుపులు బార్లా తెరిచి, వాళ్లను బయటి గాలిలోకి తెచ్చి, 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో "రాత్రి గదిలో కుంపటి పెట్టుకున్నారు" అనే మాట మొదట చెప్పాలి. ఆ ఒక్క మాట చెబితే డాక్టర్లు ఆలస్యం చేయకుండా ఆక్సిజన్ పెడతారు. చెప్పకపోతే ఫుడ్ పాయిజన్ అనుకునే ప్రమాదం ఉంది.

పెట్టుకోవద్దంటే వినరు, చలి అలాంటిది. అందుకని ఇలా చెప్పు: పడుకునే ముందు గది వేడెక్కేదాకా కుంపటి ఉంచుకోండి, ఎదురెదురుగా రెండు కిటికీలు కాస్త తెరిచి పెట్టండి, మంచం ఎక్కే ముందు కుంపటిని వాకిట్లోకి తెచ్చేయండి. ఇలా చెబితే వింటారు. గ్యాస్ గీజరుదీ ఇదే గొడవ. చిన్న బాత్రూమ్‌లో లోపలే బిగించి, వెంటిలేటర్‌కు చలిగాలి రాకుండా అట్టముక్క అడ్డం పెట్టిన ఇళ్లు మన కాలనీలోనే ఉన్నాయి. గీజరు బాత్రూమ్ బయట ఉండాలి. మార్పించేదాకా, నీళ్లు బకెట్‌లో పట్టుకుని, గీజరు కట్టేసి, ఆ తర్వాతే తలుపు వేసుకుని స్నానం చేయమను.

హీటర్ రాడ్ లేని ఇల్లు మన వీధుల్లో తక్కువ. బకెట్ మీద అడ్డంగా కర్ర పెట్టి దానికి రాడ్ తగిలిస్తారు, నీళ్లు వేడెక్కాయో లేదో చూడటానికి వేలు ముంచుతారు. ఆ వేలు ముంచడమే ప్రాణం తీస్తుంది. స్విచ్ కట్టేసినా చాలదు, ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోవాలి. పాత ఇళ్లలో వైర్లు అటూ ఇటూ మారి, స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉంటుంది. అలాంటి చోట స్విచ్ కట్టేసినా రాడ్‌లో కరెంటు ఉంటుంది. ఇనుప బకెట్ అసలు వాడొద్దు. రాడ్ మీద నీళ్ల గీత ఉంటుంది, నీళ్లు అంతవరకు ఉండాలి. పిల్లలున్న ఇంట్లో బాత్రూమ్ తలుపుకు బయట గడియ పెట్టాలి.

దీనికి నువ్వు చేయగలిగిన పని ఒకటుంది. మంచి ఎలక్ట్రీషియన్‌ను ఒక ఆదివారం మాట్లాడి, అన్ని ఇళ్లలో ఎర్తింగ్ చూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. మనిషికి షాక్ కొట్టిన క్షణంలోనే కరెంటును తెంపేసే పరికరం అది. లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎమ్‌సీబీ స్విచ్ ఆ పని చేయదు. అందరికీ కలిపి కొంటే ధర తగ్గుతుంది. కిరాయి ఇళ్లకైతే ఓనర్లతో నువ్వే గట్టిగా మాట్లాడు. కిరాయిదారు అడిగితే "వచ్చే ఏడు చూద్దాం" అంటారు, కమిటీ అడిగితే కాదనలేరు.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరుగా రాస్తున్నాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. అరికాళ్లు చల్లగా ఉన్నాయని మంట దగ్గర చాపుకుంటారు, లేదా దుప్పట్లో వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని నిద్రపోతారు. చర్మం కాలుతున్నా తెలియదు. తెల్లారి మేజోడు తీస్తే దానితోపాటు తోలు ఊడి వస్తుంది. అంతదాకా వచ్చినా నొప్పి లేదని వారం పాటు పసుపు రాసుకుంటూ కూర్చుంటారు. చివరికి వేలో, పాదమో తీసేయాల్సి వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు వేడి బ్యాగు వద్దు, ఉన్ని మేజోళ్లు చాలు. రోజూ రాత్రి ఇంకొకరు వాళ్ల పాదాలను లైటు వేసి చూడాలి. ఎవరికైనా సరే, కాలిన చోట 20 నిమిషాలు నల్లా నీళ్లు పోయాలి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు ఏదీ పూయొద్దు. చలిలో నీళ్లు పోసేటప్పుడు మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి.

పొద్దున్నే ఐదింటికి వాకింగ్ పోయే పెద్దమనుషులను ఈ రెండు నెలలు ఎండ వచ్చాక, ఏడు దాటాక నడవమని బతిమాలు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. ఛాతీ పట్టేసి చెమటలు పోస్తుంటే "గ్యాసు" అని ఈనో తాగి కూర్చోవద్దు. మూతి ఒక పక్కకు వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందు కోసం ఊళ్లు పట్టుకుని తిరగొద్దు. పక్షవాతంలో రక్తం గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే పని చేస్తుంది. అది కూడా సీటీ స్కాన్ తీశాకే ఇస్తారు. ఆ టైమ్ పోతే తిరిగి రాదు. మద్యం తాగితే చలి పోతుందనేవాళ్లకూ చెప్పు: తాగినప్పుడు ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది గానీ, లోపలి వేడంతా చర్మం మీదుగా బయటికి పోతుంది. తాగి ఆరుబయట పడుకున్న మనిషిని చలి త్వరగా పట్టేస్తుంది.

మన కాలనీ వెనక వీధిలో ఏజెన్సీ ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు గదులు తీసుకుని ఉంటున్నారు. గోండు, కొలాం కుటుంబాల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఈ జబ్బున్నవాళ్లకు చలే పెద్ద శత్రువు. చన్నీళ్ల స్నానం చేసినా, రాత్రంతా వణికినా, నీళ్లు తక్కువ తాగినా రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎముకలు, కీళ్లు, కడుపు భరించలేనంత నొప్పి పెడతాయి. బయటికి ఏ దెబ్బా కనిపించదు కాబట్టి, ఆ పిల్ల ఏడుస్తుంటే బడి ఎగ్గొట్టడానికి నాటకం అనుకుంటారు. వార్డులో అలాంటి పిల్లలను చూసి నా కడుపు తరుక్కుపోయేది. వాళ్లకు వేడినీళ్లు దొరికేలా చూడు. ఓనరు ఒప్పుకోకపోతే మా ఇంటి కట్టెల బాయిలర్ ఉంది, పొద్దున ఏడింటికి బకెట్లు తెచ్చుకోమను. గోరువెచ్చని నీళ్లు ఎక్కువగా తాగమను. జ్వరం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వం 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్షకు డబ్బులక్కర్లేదు. తమకు ఉందో లేదో తెలియని పిల్లలుంటే నా దగ్గరికి పంపు, నేను వెంట తీసుకెళ్తాను.

ఇక పత్తి. తేమ 12 శాతం దాటితే, పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు కాబట్టి, మంచుకు తడవకుండా చాలామంది రైతులు ముందు గదిలోనే పత్తి కుప్ప పోసుకుంటున్నారు. మన కాలనీలో కూడా అలాంటి ఇళ్లున్నాయి. ఆ ఇంటి ముందు చలిమంట వేయకూడదు, లోపల బీడీ వెలిగించకూడదు. పత్తికి నిప్పంటుకుంటే పైన ఆర్పినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. ఆరింది కదా అని తలుపు వేసుకుని పడుకుంటే అర్ధరాత్రి మళ్లీ లేస్తుంది. కాబట్టి 101కి ఫోన్ చేయాల్సిందే. కాలిన పత్తినంతా బయటికి లాగి విప్పి తడపాలి.

మార్కెట్ యార్డుకు పోయే ట్రాక్టర్లు తెల్లవారుజామున మన రోడ్డు మీదే వరుస కడతాయి. ట్రాలీకి అటూ ఇటూ పొంగిన పత్తి వెనక లైట్లను కప్పేస్తుంది. పొగమంచులో దగ్గరికి వచ్చేదాకా అక్కడ బండి ఉందని తెలియదు. పాలకూ పేపర్లకూ బైకు మీద పోయే పిల్లలకు ఇది గట్టిగా చెప్పు. హెడ్‌లైటు డిమ్‌లో పెట్టాలి, హై బీమ్ పెడితే మంచు మీద వెలుగు పడి ఎదురుగా తెల్ల గోడ తప్ప ఏమీ కనిపించదు. ఓవర్‌టేక్ అసలు వద్దు. కమిటీ డబ్బులతో రేడియం స్టిక్కర్ల రోల్ ఒకటి కొను. యార్డు దగ్గర ఆగిన ట్రాలీలకూ, ఎడ్లబండ్లకూ మన కుర్రాళ్లే అంటించి రావచ్చు. రైతులు కాదనరు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోయే బండ్లకూ అది పనికొస్తుంది.

కొత్త అపార్టుమెంటు కడుతున్న చోట కూలీలు పరదా గుడారాల్లో ఉంటున్నారు. రాత్రి ఇటుకల మధ్య మంట వేసుకుని, తెల్లవార్లూ దాని పక్కనే పిల్లలను పడుకోబెడుతున్నారు. వాళ్లు కాలనీ లిస్టులో ఉండరు, కానీ అందరికంటే ఎక్కువ ప్రమాదం వాళ్లకే. మన ఇళ్లలో అటకల మీద పడి ఉన్న దుప్పట్లు, చిన్న పిల్లల స్వెట్టర్లు డిసెంబరు మొదటి వారంలోనే పోగుచేసి ఇచ్చేద్దాం. జనవరి దాటాక ఇస్తే ఫొటోలకు తప్ప దేనికీ పనికిరావు. కమ్యూనిటీ హాలు తాళం రాత్రిపూట తీసి ఉంచితే, మరీ చలిగా ఉన్న రోజుల్లో తల్లీపిల్లలు అందులో పడుకుంటారు. కొందరు అడ్డు చెబుతారు. నేను నీ పక్కన నిలబడతాను.

చలిమంటల్లో టైర్లు, ప్లాస్టిక్ వేయనివ్వకు. చలికాలం పొగ పైకి పోదు, వీధిలోనే తిరుగుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లు రాత్రంతా కూర్చునే ఉంటారు. సంక్రాంతికి పిల్లలు నైలాన్ మాంజా కొనకుండా చూడు. 2017లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ దాన్ని నిషేధించింది, అయినా అమ్ముతూనే ఉన్నారు.

చివరిగా ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. రోజూ ఫోన్ చేస్తారు, కానీ ఫోన్‌లో "బాగున్నాను" అనే మాట తప్ప ఏం తెలుస్తుంది? చలి బాగా ఎక్కిన ముసలివాళ్లకు వణుకు కూడా ఆగిపోతుంది, మాట ముద్దగా వస్తుంది, మత్తుగా ఉంటారు. పక్కవాళ్లు నిద్ర అనుకుంటారు. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిందంటే అది ఆసుపత్రి కేసే. అలాంటి ప్రతి ఇంటికీ పక్కింట్లో ఒకరిని పెట్టు. పాల ప్యాకెట్ ఎనిమిదింటికి కూడా గేటుకే వేలాడుతుంటే వాళ్లు వెళ్లి తలుపు కొట్టాలి. ఒక తాళంచెవి పక్కింట్లో ఉండాలి. వాడే మందుల చీటీ, పిల్లల ఫోన్ నంబరు ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉండాలి. గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోకు. ఈ ముసలివాళ్లలో సగం మంది ఆ ఫోన్లు చూడరు, గడప గడపకూ పోవాల్సిందే.

మూడో వీధిలో అలాంటి ఇళ్లు నాకు తెలుసు, వాటిని నేను రాసిస్తాను. మిగతా వీధులవి నువ్వు రాసుకో. ఆదివారం పదింటికి నోట్‌బుక్ పట్టుకుని మా ఇంటికి రా, ఎలక్ట్రీషియన్‌ను కూడా అప్పుడే రమ్మన్నాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ