అమ్మాయిని బరంపురం హాస్టలుకు పంపే ముందు ఒక తండ్రి తెలుసుకోవలసినవి

ఒడిశాలోని పర్లాకిమిడి నుండి ఒక తండ్రి రాసిన ఉత్తరానికి ఇది సమాధానం. ఆయన కుమార్తె అక్కడే బి.ఎస్‌సి. ముగించి, బరంపురం విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్‌సి. వృక్షశాస్త్రంలో సీటు తెచ్చుకుంది. 2025 జూన్‌లో బరంపురం దగ్గరి గోపాలపూర్ సముద్రతీరంలో ఒక కళాశాల విద్యార్థినిపై జరిగిన సామూహిక అత్యాచారమూ, ఆ మరుసటి నెలలోనే బాలేశ్వర్‌లో తన ఫిర్యాదును పట్టించుకోవడం లేదన్న వేదనతో మరొక విద్యార్థిని నిప్పంటించుకుని మరణించడమూ ఆ ఇంట్లో ఇంకా మాటల్లోకి వస్తూనే ఉన్నాయట. బంధువులు ఊళ్ళోనే బి.ఇడి. చేయించి సంబంధాలు చూడమంటున్నారు. "క్యాంపస్‌లో పోలీసులు ఉంటారా, లేకపోతే పిల్ల బాధ్యత ఎవరిది, పంపమంటారా వద్దంటారా?" అని ఆయన అడిగారు.

అయ్యా, పంపమనే చెబుతాను. అయితే మీ భయం అర్థంలేనిదని మాత్రం అనను. ఆ రెండు సంఘటనలూ చదివిన రోజుల్లో, బరంపురంలో నా దగ్గరకు సలహాకు వచ్చే ఆడపిల్లల ముఖాలు గుర్తుకు వచ్చి నాకూ నిద్ర పట్టలేదు. ఆ భయంతో ఏం చేయాలన్నదే ఇప్పుడు మనం ఆలోచించుకోవలసిన విషయం.

ముందుగా పోలీసుల సంగతి. అమెరికాలో అనేక విశ్వవిద్యాలయాలకు సొంత పోలీసు శాఖలు ఉంటాయి; 1990 నాటి క్లెరీ చట్టం ప్రకారం అక్కడి విద్యాసంస్థలు తమ ఆవరణలో జరిగిన నేరాల లెక్కలను ఏటా అక్టోబరు 1లోగా ప్రకటించాలి. మన దగ్గర అటువంటి ఏర్పాటు లేదు. గేటు దగ్గర యూనిఫారంలో కనిపించేవారు చాలాచోట్ల ప్రైవేటు ఏజెన్సీ నియమించిన కాపలాదారులే గాని పోలీసులు కారు. తమ కళ్ళ ఎదుట తీవ్రమైన నేరం జరిగితే ఏ పౌరుడికైనా ఉన్నట్టే వారికీ నిందితుణ్ణి పట్టుకునే హక్కు ఉంటుంది. 2024 జూలై 1 నుండి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం అలా పట్టుకున్న వ్యక్తిని ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలి. అంతకు మించి వారికి అధికారం లేదు. క్యాంపస్ లోపలి నేరమైనా దర్యాప్తు చేయవలసింది ఆ ప్రాంతపు పోలీసు స్టేషనే. వైస్ చాన్సలర్‌కు చెప్పి పోలీసులు లోపలికి రావడం ఆనవాయితీయే కాని, నేరం జరిగినప్పుడు వారిని గేటు దగ్గర ఆపగల చట్టం ఏదీ లేదు. కనుక "పైవాళ్ళ అనుమతి లేనిదే పోలీసులను పిలవకూడదు" అని వార్డెను గాని మరెవరు గాని అంటే ఆ మాట చెల్లదని మీ అమ్మాయికి ముందే తెలిసి ఉండాలి. 112కు ఫోను చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గేటు దగ్గర ఎంతమంది కాపలా ఉన్నారన్నది నేను రెండో వరుసలో పెట్టే ప్రశ్న. ఆడపిల్లలను వేధించేవారు గోడ దూకి వచ్చే అపరిచితులే కానక్కర్లేదు; లోపల తిరిగే అర్హత ఉన్న తోటి విద్యార్థి, ప్రయోగశాల ఉద్యోగి, ఒక్కొక్కసారి పాఠం చెప్పే మనిషి కూడా కావచ్చు, అటువంటివారిని కాపలాదారు ఆపలేడు. కాబట్టి మొదటి ప్రశ్న, లోపల ఏదైనా జరిగితే ఫిర్యాదు ఎవరి చేతికి వెళుతుంది, వెళ్ళాక ఏమవుతుంది అన్నది. దీనికి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015 నిబంధనలు స్పష్టమైన దారి వేశాయి. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విశ్వవిద్యాలయమైతే దానికి ప్రొఫెసర్ స్థాయికి తగ్గని మహిళ అధ్యక్షత వహించాలి. బయటి సంస్థ నుండి ఒక సభ్యులు ఉండాలి. విద్యార్థుల వ్యవహారమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూడా కూర్చోవాలి. వైస్ చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, శాఖాధిపతి వంటి పదవుల్లో ఉన్నవారు ఇందులో సభ్యులు కాకూడదు. ఈ చివరి నియమం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే సంస్థ పరువును కాపాడవలసిన మనిషే అమ్మాయి ఫిర్యాదును కూడా విచారిస్తే ఆ విచారణ ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, ఆ తర్వాత పది రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 30 రోజుల్లో సంస్థ చర్య తీసుకోవాలి.

ఫిర్యాదు ఇవ్వడానికీ గడువు ఉంది, సంఘటన జరిగిన మూడు నెలలలోపు; వేధింపు వరుసగా సాగితే చివరి సంఘటన నుండి లెక్క. ఆ గడువు ఎలా చేజారుతుందో నేను దగ్గరగా చూశాను. కొన్నేళ్ళ క్రితం మన తెలుగు కుటుంబానికే చెందిన ఒక అమ్మాయి చదువు మానేస్తానంటూ నా దగ్గరకు వచ్చింది. చాలాసేపు మార్కుల గురించే మాట్లాడి, చివరికి ప్రయోగశాలలో ఒక ఉద్యోగి తనను వేధించిన సంగతి బయటపెట్టింది. తన ప్రాక్టికల్ రికార్డు ఆఖరి పేజీలు తిప్పి చూపించింది. పెన్సిలుతో సన్నని అక్షరాలతో తేదీలు, ఒక్కొక్క తేదీ పక్కన తెలుగులో ఒకటి రెండు మాటలు, "తలుపు వేశాడు", "చెయ్యి పట్టుకున్నాడు", ఇలా. చివరి తేదీకే నాలుగు నెలలు దాటింది. ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెబితే నాన్న వచ్చి పెట్టె సర్దించేస్తారు సార్" అంది. ఆలస్యానికి కారణం రాసి కోరితే కమిటీ మరో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చన్న నియమం ఉండబట్టి ఫిర్యాదు నిలిచింది. ఆ పెన్సిలు తేదీలే విచారణలో ఆమెకు బలమయ్యాయి. వాళ్ళ నాన్నగారు మంచివారు, కూతురంటే ప్రాణం. ఆయన ప్రేమే ఆ పిల్ల నోరు మూయించిందని ఆయనకు చెప్పవలసి రావడం నా వృత్తిలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

అందుచేత మీరు బరంపురం బయలుదేరే ముందే మీ అమ్మాయిని కూర్చోబెట్టి, "నువ్వు ఏం చెప్పినా చదువు మాన్పించను" అని మాట ఇవ్వండి. నేను అడుగుతున్న అన్నిటిలోకీ ఇదే ముఖ్యం.

మీ ఊరి నుండి రాకపోకల సంగతి కూడా ఆలోచించాలి. పర్లాకిమిడి నుండి పలాస వచ్చి రైలెక్కితే మీ అమ్మాయి ఆంధ్రలో ప్రవేశించి, ఇచ్ఛాపురం దాటాక మళ్ళీ ఒడిశాలోకి వస్తుంది, అంటే ఒక్క ప్రయాణంలో రెండుసార్లు సరిహద్దు దాటుతుంది. దారిలో ఏదైనా జరిగితే "అది మా పరిధి కాదు" అన్న మాట మన సరిహద్దు ఊళ్ళవారికి కొత్త కాదు. ఇప్పుడు నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. నోటితో చెప్పినా రాసుకోవాలి, ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో సంతకం చేస్తే చాలు, ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. మహిళలపై లైంగిక నేరాల విషయంలో ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి. మీ అమ్మాయికి ఒడియా మాట్లాడడం వచ్చినా రాయడం అంతగా రాకపోతే దిగులు పడనక్కర్లేదు, ఇంగ్లీషులో రాసి ఇవ్వవచ్చు. రైల్లో ఉన్నప్పుడు 139కు ఫోను చేయాలి.

ర్యాగింగ్ గురించి మీరు అడగలేదు గాని ఒక్క మాట. యూజీసీ 2009 నిబంధనల మేరకు ప్రవేశ సమయంలో అమ్మాయీ మీరూ చెరొక ప్రమాణపత్రం ఇవ్వాలి. 1800-180-5522 సహాయవాణి రాత్రింబగళ్ళు పనిచేస్తుంది.

ఇక బి.ఇడి. మాట. అది ఎం.ఎస్‌సి. తర్వాత కూడా చేయవచ్చు, అలా చేస్తే కేంద్రీయ విద్యాలయాల పీజీటీ (పై తరగతులకు చెప్పే పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) వంటి ఉద్యోగాలకు దారి ఉంటుంది. పీజీతోనే జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి పరిశోధన వైపు వెళ్ళే వీలూ ఉంది. బి.ఎస్‌సి.తో ఆగి బి.ఇడి. చేస్తే ఈ రెండు దారులూ ఇప్పటికి మూసుకుపోతాయి. పోటీపడి తెచ్చుకున్న సీటును భయం వల్ల వదులుకుంటే ఆ లోటును రేపు ఏ సంబంధమూ పూడ్చదు.

రుసుము కట్టే ముందు ఒకరోజు అమ్మాయిని వెంటబెట్టుకుని విశ్వవిద్యాలయం ఉన్న భంజ బిహార్ రండి. పగలు కార్యాలయంలో ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు ఎక్కడ ప్రకటించారో, కిందటి ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చి ఎన్ని పరిష్కారమయ్యాయో అడగండి. ఫిర్యాదులు సున్నా అని గర్వంగా చెబితే నేనైతే సంతోషించను, అక్కడ నోరు విప్పే వీలుందా అని మళ్ళీ అడుగుతాను. సరైన జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో బదులివ్వాలి. సాయంత్రం ఏడు దాటాక గ్రంథాలయం నుండి ఆడపిల్లల హాస్టలు దాకా ఇద్దరూ నడవండి. ఎన్ని దీపాలు వెలుగుతున్నాయో, ఎక్కడ చీకటి ఉందో, తుపాను రోజుల్లో కరెంటు పోతే జనరేటరు ఉందో లేదో చూడండి. మెస్ దగ్గర సీనియర్ అమ్మాయిలు కనిపిస్తే మీరు కాస్త దూరంగా నిలబడండి. వాళ్ళతో మీ అమ్మాయినే మాట్లాడనివ్వండి, మీ ముందు చెప్పనివి ఆమెకు చెబుతారు.