ఓడ బొమ్మల సిల్వర్ కాయిన్స్: మొదట ఏది కొనాలి, నల్లబడితే తోమొచ్చా?

ఈ రెండు ప్రశ్నల్లోనూ నేను చేతులు కాల్చుకున్నా అండి, అందుకే కాస్త వివరంగా చెప్తున్నా.

ఇలాంటివాటిలో నేను కొన్న మొదటిది ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ బొమ్మున్న ఆస్ట్రేలియా 50 సెంట్లు, 1970ది. అమ్మినాయన పక్కా సిల్వర్ అన్నాడు, నేనూ నమ్మేశా, ఎందుకంటే 1966లో వాళ్ల 50 సెంట్ల కాయిన్ నిజంగానే 80 శాతం వెండి అని అంతకుముందే ఎక్కడో చదివున్నా. కానీ అది గుండ్రటిది, ఆ ఒక్క ఏడాదే వచ్చింది, తర్వాత వచ్చిన పన్నెండు పలకలది రాగి నికెల్. కుక్ ఉన్నది ఈ రెండోదాని మీద! ఇంటికొచ్చాక తేలింది, ఎలాగంటే 0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి జీరో చేసి, కాయిన్‌ని దారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్లలో వేలాడదీశా, అప్పుడు కాటా చూపించే అంకెతో కాయిన్ బరువుని భాగిస్తే లోహం సాంద్రత వచ్చేస్తుంది. 90 శాతం వెండైతే 10.3 చుట్టూ వస్తుంది, రాగి నికెల్ అయితే 8.9. నాది 15.55 గ్రాములు, నీళ్లలో 1.74 చూపించింది, ఇంకేముంది, లెక్క మీరే వేసుకోండి. పోర్చుగల్ వాళ్లు 1987 నుంచి వేసిన సముద్రయానాల సిరీస్‌తో ఇంకో తిప్పలు, అదే డిజైన్ రాగి నికెల్‌లోనూ ఉంది వెండిలోనూ ఉంది, ఫొటో చూసి కొంటే అంతే సంగతులు.

మొదట కొనడానికైతే నా ఓటు 1892, 1893 కొలంబస్ హాఫ్ డాలర్‌కే. అమెరికా వేసిన మొట్టమొదటి స్మారక నాణెం అది, 12.5 గ్రాములు, 90 శాతం వెండి, ఒకవైపు కొలంబస్, ఇంకోవైపు శాంటా మారియా ఓడ, కింద రెండు భూగోళాలు. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్‌లో అర డాలర్ నాణేన్ని డాలర్‌కి అమ్మారు, జనం అనుకున్నంత కొనలేదు, మిగిలినవి కొన్ని కరిగించేశారు, చాలావరకు మామూలు చిల్లరలా బయటికి వదిలేశారు. అందుకే అరిగినవి ఇప్పటికీ బోలెడు దొరుకుతాయి, "వందేళ్ల పైబడింది, చాలా రేర్" అని ఎవరన్నా రేటు పెంచితే వినకండి. నిజంగా రేర్ అంటే 1928 హవాయి హాఫ్ డాలర్, కుక్ అక్కడికి వెళ్లి 150 ఏళ్లయిన సందర్భంగా వేసింది, మొత్తం పది వేలే, కాబట్టి నకిలీలూ ఎక్కువే, కొత్తలో దాని జోలికి వెళ్లకండి.

ఇక తోమడం. వద్దు!! నా కొలంబస్ కాయిన్ నల్లగా ఉందని టూత్‌పేస్ట్ పెట్టి రుద్దా, మెరిసింది, భలే సంబరపడ్డా, తర్వాత లెన్స్‌లో చూస్తే తెరచాపల నిండా సన్నని గీతలే. ఆ నలుపు గాలిలో ఉండే గంధకంతో వెండి మీద ఏర్పడే పల్చటి పొర, కాయిన్‌కి వచ్చిన నష్టం ఏమీ లేదు, పైగా సమంగా పరుచుకున్న ఆ రంగుని ఇష్టపడి ఎక్కువిచ్చి కొనేవాళ్లు కూడా ఉన్నారు. ఆకుపచ్చగా జిగురు కనిపిస్తే మాత్రం అది పీవీసీ ప్లాస్టిక్ కవర్ల వల్ల, స్వచ్ఛమైన అసిటోన్ అనే ద్రావకంలో కాసేపు ఉంచి తీసి రుద్దకుండా ఆరనిస్తే పోతుంది (కిటికీ తెరిచి, మంటకి దూరంగా). అరిగిపోయిన ఆ తెరచాపల కాయిన్ ఇంకా నా దగ్గరే ఉంది, ఎవరైనా తోమనా అని అడిగితే దాన్నే చూపిస్తుంటా.