క్లాసులో "డౌట్స్ ఉన్నాయా" అని మాత్రం అడక్కు

అమ్మడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. సింగపూర్‌లో నీకు సాయంత్రం క్లాసులు దొరికాయని, చైనా నుంచి వచ్చిన పెద్దవాళ్లకి ఇంగ్లీషు చెప్పాలని చెప్పింది. "దానికి చైనీస్ ఒక్క ముక్క రాదక్కా, ఎలా నెగ్గుకొస్తుందో" అని ఒకటే టెన్షన్. ఆ ఊళ్లో అదే పని పద్దెనిమిదేళ్లు చేసిన నాకు ఇప్పటికీ వచ్చింది బజారు చైనీసే. కూరగాయలు బేరమాడగలను, అంతే. కాబట్టి ఆ భయం వదిలెయ్. నీకు తెలుగు బాగా వచ్చు కదా, అది చాలా పనికొస్తుంది. ఎలాగో చెప్తాను.

ముందు నా పరువు పోయిన కథ విను. మొదటి వారం. క్లాసులో ఇద్దరు వంటవాళ్లు, ఒక బస్సు డ్రైవరు, పిల్లల చదువు కోసం వాళ్ల వెంట వచ్చిన తల్లులు నలుగురో అయిదుగురో. పాఠం అయ్యాక మన అలవాటు ప్రకారం "ఎనీ డౌట్స్?" అన్నాను. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఒకావిడ ఫోన్‌లో నిఘంటువు తీసి చూసి, భయంభయంగా "నో, నో, టీచర్, వి బిలీవ్ యు" అంది! వాళ్ల నిఘంటువులో డౌట్ అంటే మొదట కనిపించే అర్థం అనుమానించడం, నమ్మకపోవడం. నేనేమో "నా మీద మీకేమైనా అనుమానాలున్నాయా" అని నిలదీసినట్టయింది. మనం బళ్లో సందేహాన్నీ అనుమానాన్నీ కలిపి డౌట్ అని నేర్చుకున్నాం. బయటివాళ్ల ఇంగ్లీషులో అడగాల్సింది "క్వశ్చన్స్". అలాగే "కజిన్ బ్రదర్", "పాస్డ్ అవుట్ ఇన్ 2015" లాంటివి నీ నోట్లోంచి వస్తుంటే ముందు అవి ఏరిపారెయ్. పాస్డ్ అవుట్ అంటే వాళ్లు నువ్వు స్పృహ తప్పావనుకుంటారు.

ఇంత చిన్న కథ ఎందుకు చెప్పానంటే, నీ విద్యార్థుల కష్టమంతా ఇందులోనే ఉంది. వాళ్లు చదువుకోనివాళ్లు కాదు. చాలామంది స్కూల్లో, కాలేజీలో వేల మాటలు బట్టీ పట్టి వచ్చినవాళ్లే. చైనాలో మాటల జాబితా పుస్తకాలు చాలావరకు అక్షరక్రమంలో ఉంటాయి, మొదట్లోనే "అబాండన్" ఉంటుంది. అంటే వదిలేయడం. పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఆ మాట దగ్గర మొదలుపెట్టి, రెండో పేజీకే నిజంగా వదిలేస్తామని వాళ్లలో వాళ్లే జోకులేసుకుంటారు. నువ్వు క్లాసులో ఆ మాట అను చాలు, అందరూ నవ్వుతారు. ఆ జాబితాల్లో ఒక ఇంగ్లీషు మాట, పక్కన ఒక చైనీస్ మాట. తల్లీపిల్లల్లా జంటగా. ఆ జంటలే వాళ్లని ముంచుతాయి.

"ఖాయ్" అనే మాట ఉంది వాళ్లకి. తలుపు తెరవడం ఖాయ్, లైటు వేయడం ఖాయ్, కారు నడపడం ఖాయ్, మీటింగు పెట్టడం ఖాయ్, పువ్వు విచ్చుకోవడం ఖాయ్, డాక్టరు మందులు రాయడం కూడా ఖాయే. దాని పక్కన "ఓపెన్" అని రాసుకుని కూర్చున్నవాడు "ఓపెన్ ది లైట్" అనక ఏమంటాడు? మనమైతే లైటు "వేస్తాం", ఫ్యాను "వేస్తాం", తాళం "వేస్తాం", మాత్ర కూడా "వేసుకుంటాం". వేయడానికి పక్కన ఒక్క ఇంగ్లీషు మాట రాసుకుని ఉంటే మన గతి ఏమయ్యేదో ఊహించుకో. అందుకే వాళ్లు తప్పు చెప్పినప్పుడు నవ్వొద్దు, ఆ తప్పు ఏ మాటలోంచి పుట్టిందో అడుగు. "చైనీస్‌లో దీన్ని ఏమంటారు? ఆ మాట ఇంకెక్కడెక్కడ వాడతారు?" ఈ రెండు ప్రశ్నలే నాకు చైనీస్ రాని లోటు తీర్చాయి.

ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా చూడు. వాళ్లకి అప్పివ్వడం, అప్పు తీసుకోవడం రెండూ ఒకటే మాట, "జ్యే". "కెన్ యు బారో మి టెన్ డాలర్స్" అని నీ ఎదురుగానే అంటారు. బోర్డు మీద లెండ్, బారో అని వ్యాకరణం రాయకు. ఒక పెన్ను తీసుకుని చేతులు మార్పించు. నీ చేతిలోంచి వెళ్తే లెండ్, నీ చేతిలోకి వస్తే బారో. పది నిమిషాల్లో అయిపోతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఒకసారి ఫుజియన్ నుంచి వచ్చిన వంటాయన తన చెల్లెలి పెళ్లి గురించి రాసుకొచ్చాడు. "ది వెడ్డింగ్ వాజ్ వెరీ నాయిజీ. ఎవ్రీబడీ వాజ్ హ్యాపీ." నేను నాయిజీ కింద ఎర్రగీత పెట్టబోయి ఆగాను. గోల ఎక్కువైతే సంతోషం ఎందుకు? అడిగితే "రనావ్" అన్నాడు, చేతులు తిప్పుతూ, జనం, దీపాలు, పిల్లల పరుగులు, గిన్నెల చప్పుడు అంతా చూపిస్తూ. నాకు వెంటనే తెలిసిపోయింది, అది సందడి! పెళ్లిల్లు సందడిగా ఉంది అంటాం చూడు, అదే. ఇంగ్లీషులో దానికి సరిపడే ఒక్క మాట నాకు దొరకలేదు. లైవ్లీ కొంచెం దగ్గర. ఇద్దరం కలిసి చివరికి "ది హౌస్ వాజ్ ఫుల్ ఆఫ్ పీపుల్ అండ్ లాఫ్టర్" అని రాశాం. ఆయన మొహం వెలిగిపోయింది. ఒక మాట దొరకనప్పుడు ఒక వాక్యం ఇవ్వొచ్చని ఆ రోజే నేర్చుకున్నాను.

ఇలాంటివి నీకు బోలెడు తగులుతాయి. ఇంటికి పిలిచి భోజనం పెట్టేవాళ్లు "డోంట్ బీ పొలైట్" అంటారు. వినడానికి తిట్టినట్టుంటుంది. వాళ్ల ఉద్దేశం "మొహమాటపడకండి" అని. "హెల్ప్ యువర్‌సెల్ఫ్" అనడం నేర్పు. లిచీ పళ్లు ఎక్కువ తింటే "షాంగ్ హ్వో" అంటారు, అక్షరాలా నిప్పు పైకెక్కడం. మన అమ్మమ్మ మామిడిపళ్లు తింటే "వేడి చేస్తుంది" అనేది గుర్తుందా? అదే. సింగపూర్‌లో దీనికి "హీటీ" అనే మాట అందరికీ అర్థమవుతుంది, అక్కడ వాడుకోమను. ఇంగ్లండు వాడికి చెప్పేటప్పుడు మాత్రం "గివ్స్ మీ మౌత్ అల్సర్స్" అనో, ఏం జరుగుతుందో అది చెప్పమను. హీటీ అంటే వాడికి అర్థం కాదు.

ఒక మాట విషయంలో జాగ్రత్త. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు "ఐ డూ ప్రొపగాండా ఫర్ ద కంపెనీ" అంటారు. వాళ్ల మాట "ష్వెన్ ఛ్వాన్", మన "ప్రచారం" లాంటిది. సబ్బు ప్రచారం, ఎన్నికల ప్రచారం, దుష్ప్రచారం అన్నిటికీ మనకీ అదే మాట కదా. ఇంగ్లీషులో ప్రొపగాండాకి ఎప్పుడో చెడ్డపేరు వచ్చేసింది. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి "పబ్లిసిటీ" అనమని తప్పకుండా చెప్పు.

అంకెల దగ్గర నువ్వు వాళ్లకి దేవుడిచ్చిన టీచరువి. మనకి లక్ష, కోటి ఉన్నట్టు వాళ్లకి పదివేలు ఒక మెట్టు, "వాన్". పదికోట్లు ఇంకో మెట్టు, "యీ". మిలియన్ అనగానే వాళ్ల బుర్ర ఆగిపోతుంది, మనకి ఆగినట్టే. బోర్డు మీద నేను ఇలా రాసేదాన్ని: మిలియన్ అంటే నూరు వాన్‌లు, బిలియన్ అంటే పది యీలు. పక్కన నా కోసం పది లక్షలు, వంద కోట్లు. చైనా జనాభా వాళ్ల లెక్కలో 14 యీలు, మన లెక్కలో 140 కోట్లు, ఇంగ్లీషులో 1.4 బిలియన్. ఇంగ్లీషువాడు కామా మూడేసి అంకెలకి పెడతాడు, వాళ్లు మనసులో నాలుగేసి లెక్కపెడతారు, మనం ముందు మూడు తర్వాత రెండేసి. మూడూ పక్కపక్కన రాసి చూపిస్తే క్లాసంతా లేచి కూర్చుంటుంది. జీతాలు, ఇంటి ధరలు చెప్పించు, ఉత్తుత్తి అంకెలు వద్దు.

అవును, కాదు సంగతి మర్చిపోయేదాన్ని. మా క్లాసులో ఒకాయన పరగడుపున రక్తపరీక్షకి వెళ్లాడు. నర్సు "యు హావెంట్ ఈటెన్?" అంది. ఈయన "యెస్" అన్నాడు. అవునండి, తినలేదు అని ఆయన భావం. తిన్నాడనుకుని రేపు రమ్మని పంపేసింది. మనమూ "ఏమీ తినలేదా?" అంటే "అవును, తినలేదు" అంటాం కదా. ఇంగ్లీషులో తినకపోతే ప్రశ్న ఎలా అడిగినా నో. ఈ అలవాటు మార్చడం కష్టం, నేను కూడా ఇప్పటికీ తడబడతాను. అందుకే "నో, ఐ హావెంట్" అని పూర్తిగా అనిపించు, ఒట్టి యెస్, నో ఒప్పుకోకు.

హీ, షీ మాత్రం కలిపేస్తూనే ఉంటారు, ఎంత బాగా వచ్చినవాళ్లయినా. వాళ్లకి మగైనా ఆడైనా పలకడానికి "థా" ఒక్కటే. రాసేటప్పుడు వేరే అక్షరం ఉంది కానీ అది వాడుకలోకి వచ్చి వందేళ్లు దాటిందంతే. ప్రతిసారీ దిద్ది విసిగించొద్దు.

చుట్టరికాల పాఠం మాత్రం ఒక పూట పెట్టుకో, సరదాగా ఉంటుంది. అంకుల్ అనే మాట వాళ్లకి పేదమాటలా కనిపిస్తుంది. నాన్న అన్నగారు "బోబో", తమ్ముడు "షూషు", అమ్మ అన్నదమ్ములు "జ్యోజ్యో". పెదనాన్న, బాబాయి, మేనమామ అని నువ్వు బోర్డు మీద పక్కన రాస్తే వాళ్లు చప్పట్లు కొడతారు. ఇంగ్లీషు చూసి ఇద్దరూ కలిసి జాలిపడొచ్చు.

ఇక పద్ధతి. ఒక మాటకి ఒక అట్టముక్క. ముందువైపు ఇంగ్లీషు మాట ఒక్కటే. వెనక చైనీస్ అర్థం వద్దు, ఆ మాట ఎవరెవరితో తిరుగుతుందో మూడు జంటలు. "నాలెడ్జ్" అని రాసి "గెయిన్" దాని పక్కన పెట్టాలి, లేకపోతే "లెర్న్ నాలెడ్జ్" అంటారు. "రెయిన్" పక్కన "హెవీ", లేకపోతే మనలాగే పెద్ద వాన అంటారు. "టీ" పక్కన "స్ట్రాంగ్", ఇంకా "బ్లాక్". ఈ బ్లాక్ టీని వాళ్లు ఎర్ర టీ అంటారు, నల్ల టీ అంటే వేరే రకం. ఫోన్ అనువాదం వద్దని పోరకు, ఎవరూ వినరు. చూసిన మాటని వాక్యంలో పెట్టి నీకు చెప్పమను, అంతే. వారానికి పదిహేను మాటలు మించొద్దు. వాళ్లు యాభై అడుగుతారు. ఇవ్వకు.

క్లాసుకి ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లు. ఐసు వేసిన నీళ్లు తాగుతూ కనిపిస్తే ఆ తల్లులు నీ ఆరోగ్యం గురించి అరగంట పాఠం చెప్తారు. అది చైనీస్‌లో చెప్తారు, నువ్వు ఇంగ్లీషులో చెప్పించు.

నా పాత అట్టముక్కలు అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయి, చెదలు పట్టనివి ఏరి వచ్చే నెల మీ అమ్మతో పంపిస్తాను. వాటి మీద నా కోడిగీతల రాత అర్థం కాకపోతే రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్, నేను మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ